తవుడు పెట్టి కొన్న కారు

కారుకి పేరు పెట్టమని తమ్ముడు అడిగినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కాస్త గర్వంగానూ అనిపించింది. శ్రీకాకుళంలో కాలేజీ పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ఇన్నేళ్ళలో నా చదువుతో మా ఇంట్లో ఎవరికీ పని పడలేదు. శుభలేఖలో అచ్చుతప్పులు చూడమనడం తప్ప ఒక్కరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు. అలాంటిది, ఒక ఆదివారం ఆటో దిగి ఆమదాలవలసలో పుట్టింటి గుమ్మం ఎక్కుతుంటే, గ్రీజు చేతులతోనే ఎదురొచ్చి, "అప్పా, నువ్వే మంచి పేరు సెప్పాల. ఇన్నోడి గుండె అదిరిపోవాల," అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

తమ్ముడికి స్టేషను రోడ్డులో కార్లు బాగుచేసే షెడ్డుంది. ఎవరో వదిలించుకున్న పాత అంబాసిడర్ని తెచ్చి, పైకప్పు కోసి తీసేశాడు. బానెట్టు పీకేసి ఇంజను బయటికి కనపడేలా కూర్చోబెట్టాడు. ముందు సన్నపాటి చక్రాలు, వెనక లావుపాటివి. పక్కలంట ఎర్రటి మంటల బొమ్మలు. ఇలాంటి బండిని హాట్‌రాడ్ అంటారట. ఫోనులో వీడియోలు చూసి చూసి నేర్చుకున్నాడు. పగలల్లా ఊళ్ళోవాళ్ళ కార్ల కింద పడుకోవడం, పొద్దు వాలాక దీన్ని కోసుకోవడం, అతుక్కోవడం. మా అమ్మ దాన్ని "పొట్ట కోసిన బండి" అనేది. ఇలాంటి బండ్లన్నీ విశాఖ బీచిలో ఒక ఆదివారం కలుస్తాయని, అక్కడికి దీన్ని తీసుకెళ్ళాలని వాడి ఆశ. వాడికి వేరే ఆశలు ఉన్నట్టు నాకెప్పుడూ తెలియదు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నప్పుడు కూడా పిల్ల ఎలా ఉందంటే "బాగానే ఉన్నాది" అని ఊరుకున్న మనిషి, ఈ బండి గురించి మొదలుపెడితే అన్నం చల్లారిపోయేది.

అవి కోతలైపోయిన రోజులు. మిల్లులు ఆగకుండా ఆడుతుండేవి. పొద్దున్నే మంచు, ఆ మంచులో సన్నటి తవుడు ధూళి, దాని మీద పడే పలచటి ఎండ. అందులో నిలబడి ఉన్న ఆ కారుని చూస్తే నాకు బండిలా అనిపించేది కాదు. కల్లో చూసి, లేచాక సగమే గుర్తున్న వస్తువులా అనిపించేది. ఇప్పటికీ ఆ రోజులన్నీ నాకు అలాగే, అంచులు తెలియకుండా గుర్తొస్తాయి.

నేను పేర్లు ఆలోచించడం మొదలుపెట్టాను. క్లాసులో పిల్లలు పరీక్ష రాస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ పేర్లు అల్లుకునేదాన్ని. 'వాయువేగం' అన్నాను. "ట్రావెల్స్ బస్సు పేరు నాగున్నాది," అన్నాడు. 'ఐరావతం' అన్నాను. "ఏనుగు మీద ఎల్తన్నట్టుంటాదప్పా, జోరు నేదు," అన్నాడు. 'అగ్నిశిఖ' అన్నప్పుడు మాత్రం వాడి మొహం మాడిపోయింది. "ఒకపాలి అంటుకున్నాది సాల్దేటి?"

అదీ నిజమే. ఆ బండి మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజను బిగుసుకుపోయింది. దాన్ని విప్పి బాగుచేస్తే, రెండోసారి వైర్లు అంటుకుని సీటు కాలిపోయింది. మూడోసారి రైల్వే గేటు దాకా బాగానే వెళ్ళి, గేటు దగ్గర వెనక ఇరుసు విరిగి కూలబడింది. అటు ఇటు ఆగిన బస్సుల్లోని జనమంతా దిగి చూశారు. ఆ రోజు తమ్ముడు ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు. బీచికి వెళ్ళే ఆదివారం దగ్గరపడుతోంది.

అప్పుడు మా అమ్మ అంది: "పేరు కాదురా దీనికి ముందు కావాల్సింది. పురిట్లో నిలవని బిడ్డలాగున్నాది ఇది. కొన్నమ్మని పిలండి."

కొన్నమ్మ అంటే మా పక్కింటి ముసలావిడ. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఎందుకలా పిలుస్తారంటే, మా వైపు పాత ఆచారం ఒకటి ఉంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి, ఇంకో ఆవిడకి తవుడికి అమ్మేస్తారు. ఆవిడ చేటెడు తవుడిచ్చి బిడ్డని కొనుక్కుని, తన ఇంటికి తీసుకుపోతుంది. కాసేపటికి కన్నతల్లి వెళ్ళి గుప్పెడు బియ్యమిచ్చి తిరిగి కొనుక్కుంటుంది. అలా కొన్న బిడ్డకి తవుడనో, తవిటమ్మనో పేరు పెడతారు. తవుడి పాటి విలువే చేసే బిడ్డని ఏ చావూ పట్టుకుపోదని నమ్మకం. మా జిల్లాలో ఏ ఊరు వెళ్ళినా ఆ పేర్లవాళ్ళు కనపడతారు. బిడ్డని కొనే ఆవిడ చేతి చలవ మంచిదై ఉండాలి. మా వీధిలో ఆ చెయ్యి పక్కింటావిడది. ఆవిడకి పిల్లలు లేరు. మొగుడు ఏనాడో పోయాడు. ఆ వీధిలో ఆవిడ బిడ్డని కొనని ఇల్లు తక్కువ. నాకూ తమ్ముడికీ మధ్య ఇద్దరు పిల్లలు మా అమ్మ చేతుల్లోనే పోయారు. అందుకే తమ్ముడినీ ఆవిడే కొంది.

సెలవులకి పుట్టింట్లోనే ఉన్న నేను, కారుని తవుడికి అమ్మడం ఏమిటని వాదించాను. చదువుకున్నదాన్ని కదా, వాదించకపోతే ఎలా. తమ్ముడు మాత్రం గోడవైపు నుంచి ఇటు తిరిగి, "ఒకపాలి సేసి సూద్దామప్పా, పోయేదేటుంది?" అన్నాడు.

తమ్ముడు ఇరుసు మార్చి బండిని ఇంటికి తోయించుకొచ్చిన మర్నాడు పొద్దున్న ఆ తంతు జరిగింది. ఇప్పుడు ఇళ్ళల్లో తవుడెక్కడిది? ఆవులు లేవు, రోకళ్ళు లేవు. కొన్నమ్మ చీకటితో లేచి, నడుచుకుంటూ మిల్లుకి వెళ్ళి, సంచీలో తవుడు తెచ్చుకుంది. అంత దూరం నడుస్తుందని మేమెవరం అనుకోలేదు. ఉతికిన చీర కట్టుకుంది. చేటలో తవుడు పోసి, మా అమ్మ చేతిలో పెట్టింది. వీధిలోవాళ్ళు చుట్టూ నిలబడి నవ్వుతున్నారు. కొందరు ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు. అందరం కలిసి కారుని తోసుకుంటూ వెళ్ళి, ఒకప్పుడు ఆవిడ ఆవుల్ని కట్టేసిన సాలలో పెట్టాం. కాసేపాగి అమ్మ గుప్పెడు బియ్యం తీసుకుని వెళ్ళి, ఆచారం ప్రకారం అడిగింది.

"నా బిడ్డని నాకిచ్చీ."

"ఇవ్వను," అంది కొన్నమ్మ.

అందరూ పకపకా నవ్వారు. ముసలామెకి హాస్యం బాగా అబ్బిందనుకున్నారు. ఆవిడ నవ్వలేదు. వెనక చక్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. "అయిదుగురి మద్దె తవుడిచ్చి కొన్నాను. ఇది నాది. ఎల్లండి," అంది.

ఆ వారమంతా మా ఇంట్లో అన్నం సరిగా ఉడకలేదనే చెప్పాలి. తాళంచెవి తమ్ముడి జేబులోనే ఉంది. వెళ్ళి స్టార్ట్ చేసుకుని తెచ్చుకుంటే ఆపేవాళ్ళు లేరు. కానీ ఇవ్వకుండా తెచ్చుకున్నది దక్కదని మా అమ్మ అడ్డం పడింది. తమ్ముడికీ ధైర్యం లేదు. ఆ చేటలో ఒకప్పుడు తాను పడుకున్నాడు మరి. చీర పెడతానన్నాడు. సింహాచలం తీసుకెళ్తానన్నాడు. ఆవిడ వినిపించుకోకుండా సాలలో ఊడ్చుకుంటూ కూర్చుంది. "ముసల్దానికి మతి పోనాది," అని మా అమ్మ పెరట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. చివరికి నన్ను పంపారు. నేను మాటలు చెప్పి జీతం తీసుకునేదాన్ని కదా.

నేను వెళ్ళేసరికి ఆవిడ కారులోనే కూర్చుని ఉంది. స్టీరింగు ముందు కాదు, పక్క సీట్లో. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సాలలో పాత పేడ వాసన ఇంకా ఉంది. దానికి పెట్రోలు వాసన కలిసింది. కప్పులోంచి పడిన ఎండ ఆవిడ తెల్లజుట్టు మీద కదులుతోంది. నేను తయారుచేసుకొచ్చిన మాటలన్నీ ఎటుపోయాయో. వెనక ఇరుకులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, నేనూ కొన్ని కాయలు తీసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టాను.

ఆవిడే మొదలుపెట్టింది.

"నా సెయ్యి మంచిదని అందరూ పిలిసేవోరు. ఎల్లేదాన్ని. కొనేదాన్ని. ఎంతమందినో మరి. మెత్తగా, ఎచ్చగా ఇలగ ఒళ్ళో ఎట్టుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. కాసేపటికే అమ్మలొచ్చి సెయ్యి సాపేవోరు. ఇచ్చీసేదాన్ని. మీ తమ్ముడైతే నా ఒళ్ళో నిద్రోయాడు. లేపాలనిపించనేదు నాకు. మీ అమ్మొచ్చి సెయ్యి సాపింది." ఒక చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. "ఇంతమందిని కొన్నానా, ఒక్కటంటే ఒక్కటీ నా ఇంట్లో తెల్లారనేదు గుంటా. ఇదే తెల్లారింది."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఈ ముసలామె చేతి చలవతో బతికినవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పేర్లు మార్చుకున్నారు, ఇళ్ళు కట్టుకున్నారు. ఇన్ని సార్లు ఇచ్చేసిన చెయ్యి సంగతి ఏమిటని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను ఇలాంటి సంగతుల మీదే గంటలు గంటలు పాఠాలు చెప్తాను.

చేతిలో కాయ పళ్ళెంలో పడేసి, "అయితే పేరు నువ్వే పెట్టాలి. కొన్నవాళ్ళే కదా పెట్టేది. తవుడనే కదా?" అన్నాను.

"తవుడొద్దు," అంది వెంటనే. "అది తిరిగిచ్చీసే పిల్లలకి ఎట్టే పేరు. ఇది నాది."

"మరేం పెడతావు?"

"నడక సూడకుండా పేరెట్టేస్తారేటి?"

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. తమ్ముడు తల దించుకున్నాడు. మా అమ్మ మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు ఎగదోసింది. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అంది: "ఆయేల నానూ గబుక్కున లాక్కున్నాను. ఇవ్వదేమోనని బయమేసింది. దాని మొకం సూడనేదు." ఆ సాయంత్రం ఒక గిన్నెడు చేపల పులుసు పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. కారు మాట ఎత్తలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు తమ్ముడు ఆవిడకి బండి నడక చూపిద్దామని సాలలోకి వెళ్ళి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క దెబ్బకి అందుకుంది. చేటలో తవుడు మహిమ అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. తమ్ముడు మాత్రం ఇరుసు మార్చాను, వైర్లు మార్చాను, అదీ మహిమ అంటాడు. నేను ఇద్దరితోనూ అవునంటాను. కొన్నమ్మ పక్క సీట్లో కూర్చుంది. నేను వెనక, ఉన్నానా లేనా అన్నంత ఇరుకులో. రద్దీ లేని మట్టి దారి పట్టి నాగావళి గట్టు మీదికి వెళ్ళాం. ఆ బండి చప్పుడుకి చేలల్లో కొంగలు ఒక్కసారిగా లేచాయి. కోసిన మళ్ళు, మంచు, ఏటి ఇసుక, అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఎక్కడ ఏరో, ఎక్కడ ఆకాశమో తెలియడం లేదు. పైకప్పు లేని కారు కాబట్టి గాలి తిన్నగా వచ్చి మొహానికి కొడుతోంది. కొన్నమ్మ కొప్పు ఊడిపోయి జుట్టంతా వెనక్కి వచ్చి నా మొహం మీద పడుతోంది. ఆవిడ సర్దుకోలేదు. నేనూ తీయమనలేదు. ఆ దారి అలా అయిపోకుండా ఉంటే బాగుండుననిపించింది.

గట్టు మీద ఒకచోట తమ్ముడు బండి ఆపాడు. ఇంజను ఆగాక అంత చప్పుడూ పోయి, చెవుల్లో ఏటి గాలి మిగిలింది. వాడు ముందుకే చూస్తూ అడిగాడు.

"నన్ను ఇచ్చీసినప్పుడు ఏడిసినావేటి కొన్నమ్మా?"

"నువ్వేడిసినావు. గుక్కెట్టి ఏడిసినావు. నాను గుమ్మంలో నిలబడి మీ అరుగు కేసే సూసినాను."

 వాడు స్టీరింగు మీద వేళ్ళతో కాసేపు తట్టాడు. కొన్నమ్మ వంగి, బయటికి కనపడుతున్న ఆ ఇంజను వైపు, వేడికి పైన వణుకుతున్న గాలి వైపు చూసింది.

"పండు," అంది.

"ఏటి?"

"దీని పేరు పండు. నాకు పెళ్ళయిన కొత్తలో అనుకున్నాను, పుడితే ఇలగ పిలవాలని. మీ మావ కూడా సరే అన్నాడు."

తమ్ముడు నా వైపు తిరిగి చూశాడు. వాడి కళ్ళల్లో భయం కనపడింది. మంటల బొమ్మలేసిన బండి. పొగగొట్టం తెరిస్తే వీధి కుక్కలు మూల నక్కే బండి. విశాఖ బీచిలో దాని పక్కన వచ్చి నిలబడే బండ్లకి సింహాల పేర్లు, ఉరుముల పేర్లు ఉంటాయి.

"పక్కలంట మంటలేసినాను కదే," అన్నాడు నీరసంగా.

"మంటలుంటే ఉండనీ. పేరు పండు."

నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ముందు నేను నవ్వాను, తర్వాత వాడు, ఆఖరికి ఆవిడ కూడా, నోట్లో ఉన్న రెండు పళ్ళూ కనపడేలా. నా ఐరావతాలూ వాయువేగాలూ ఏట్లో కలిశాయి. చదువుకి తగిన శాస్తి అనుకున్నాను. నొచ్చుకోలేదు.

లారీల మీద అక్షరాలు రాసే ఆయన వచ్చి, పేరు విని, మళ్ళీ అడిగాడు. తమ్ముడు మళ్ళీ చెప్పాడు. పసుపు రంగుతో, గుండ్రంగా, ముందువైపు రాసి వెళ్ళిపోయాడు. కొన్నమ్మకి చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమి, "ఇదేనా?" అని నన్నడిగింది. ఇదేనన్నాను. తడి రంగు వేలికి అంటుకుంటే చీరకి తుడుచుకోకుండా అలాగే ఉంచుకుంది.

ఆ బండి సాలలోనే ఉంటుందని, అది ఆవిడదేనని అందరం ఒప్పుకున్నట్టే అయింది. ఎవరూ పైకి అనలేదు. మా అమ్మ బియ్యం పట్టుకుని మళ్ళీ వెళ్ళలేదు. తమ్ముడే రోజూ పొద్దున్న ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళి అడగడం మొదలుపెట్టాడు. అడిగితే ఒక్కోసారి పంపేది, ఒక్కోసారి "ఇయ్యాల ఎండగున్నాది, వొద్దు," అనేది. వాడు మారుమాట్లాడకుండా షెడ్డుకి నడిచి వెళ్ళిపోయేవాడు.

బీచికి వెళ్ళే ఆదివారం నేనూ ఊళ్ళోనే ఉన్నాను. పొద్దున్నే వాడు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇస్తుందో ఇవ్వదో మాకెవరికీ తెలియదు. మా అమ్మ అరుగు మీద కొంగు నోట్లో పెట్టుకుని చూస్తోంది.

"పండుని బీచికి తీసుకెళ్తన్నాను కొన్నమ్మా. విశాపట్నం. అందరూ వొస్తారు."

ఆవిడ బయటికొచ్చింది. కొంగుతో హెడ్‌లైట్లు రెండూ తుడిచింది. పొయ్యిలోంచి మసి తెచ్చి, ఎర్ర రంగు మీద ఒక మూల దిష్టి చుక్క పెట్టింది. కొత్త పెయింటు మీద మసి అంటే తమ్ముడు మామూలుగా ప్రాణాలు తీస్తాడు. ఆ రోజు నోరెత్తలేదు.

"సీకటడకముందు ఇంటికి తెచ్చీ," అంది.

వాడు వెళ్ళాడు. మధ్యాహ్నం నాకు ఫోనులో ఫొటోలు పంపాడు. సముద్రం ముందు వరసగా నిగనిగలాడే బండ్లు. వాటి మధ్య మా పండు. దాని చుట్టూనే జనం ఎక్కువున్నారు. పిల్లలు అక్షరాలు చదువుకుంటూ, నవ్వుతూ వేళ్ళు చూపిస్తున్నారు. సాయంత్రం దీపాలు పెట్టాక బహుమతులిస్తారని, బండ్లన్నీ వరసగా బీచి రోడ్డు మీద తిరుగుతాయని, మా బండికి పిలుపు తప్పదని అక్కడివాళ్ళు చెప్పారట. ఆ దీపాల ఊరేగింపు కోసమే వాడు ఇన్నాళ్ళూ ఆ బండిని కోశాడు, అతికాడు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఇంకా పొద్దు ఉండగానే వీధి చివర ఆ చప్పుడు వినిపించింది. నేను పరిగెత్తుకుంటూ బయటికొచ్చాను. వాడు బండిని మెల్లగా సాలలోకి పోనిచ్చి, దిగి, తాళం జేబులో వేసుకున్నాడు.

"అప్పుడే వచ్చేశావేమిట్రా? దీపాలు పెట్టే దాకా ఉండకుండా?" అన్నాను.

వాడు మొహం తుడుచుకుంటూ, అదేమంత విషయం కాదన్నట్టు అన్నాడు.

"సీకటడిపోద్ది కదప్పా. గుమ్మంలో సూస్తా కూకుంటాది."